శ్రీకూర్మం నుంచి తేలుకుంచి దాకా: ఐదు రోజులు

ఫిబ్రవరి మూడో వారంలో మా చిన్న మావయ్య ఫోన్ చేశాడు. "తోటలోకి ఎలుగు వస్తంది రా. కుర్రోళ్ళు కరెంటు తీగ పెట్టేద్దారంటన్నారు. నువ్వోపాలి వచ్చి ఎల్లు" అన్నాడు. మావయ్యది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. జీడిమామిడి, కొబ్బరి, పనస. నేనుండేది విజయనగరంలో. పలాస రైలెక్కితే పూటలో చేరిపోయే దూరం.

కానీ నేరుగా వెళ్ళాలనిపించలేదు. ఆ ఇంటి పెరట్లో నాకు తీరని బాకీ ఒకటుంది. అదేమిటో ఆ ఊరు చేరాక చెప్తాను. ఎలాగూ సెలవు పెట్టాను కాబట్టి, మా జిల్లాల్లో మనుషులూ జంతువులూ ఒకే చోట ఎలా బతుకుతున్నారో దారిలో చూసుకుంటూ వెళ్దామనుకున్నాను.

మొదటి రోజు: శ్రీకూర్మం, శాలిహుండం

తెల్లవారుజామున కోట మీదుగా స్టేషన్‌కి నడిచాను. విజయనగరంలో పుట్టి పెరిగినవాడికి కోట గోడ పక్కన నడుస్తుంటే రాజుల వేట కథలు గుర్తుకు రాకుండా ఉండవు. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ఉన్న విజ్జీ ఈ వంశం వాడే. ఆయన 300కు పైగా పులుల్ని కాల్చినట్టు చెప్పుకుంటారు. చిన్నప్పుడు మా వీధిలో పెద్దవాళ్ళు ఆ లెక్క గొప్పగా చెబుతుంటే నేనూ గర్వంగా విన్నాను. ఇప్పుడు ఆ అంకె తలుచుకుంటే, మూడు వందల సార్లు ఒక మనిషి తుపాకీ దించి, చచ్చిన పులి పక్కన నిలబడి, మళ్ళీ ఇంకో పులి కావాలని ఎలా అనుకున్నాడో అంతుపట్టదు. అందులో ఆకలి లేదు, భయం లేదు, తోట కాపాడుకోవాలన్న తొందరా లేదు.

ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళం వెళ్ళి, అరసవల్లిలో సూర్యనారాయణస్వామికి బయటినుంచే దణ్ణం పెట్టుకుని శ్రీకూర్మం ఆటో ఎక్కాను.

విష్ణుమూర్తి తాబేలు రూపంలో పూజలందుకునే గుడి ఇది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. రెండు ధ్వజస్తంభాలు. స్తంభాల మీద శాసనాలు, గోడల మీద పాత చిత్రాలు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతున్నారు. వీపు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. ఆ అందమే వాటికి శత్రువు. ఇళ్ళలో పెంచుకోడానికి వాటిని దొంగతనంగా దేశాలు దాటిస్తుంటారు. అందుకే 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించే జాబితాలోకి వాటిని చేర్చారు.

ఒక పెద్దావిడ ఆకుకూర కట్ట తెచ్చి, ఒక్కో ఆకూ తుంచి తాబేలు ముందు పెడుతోంది. అది మెడ చాచి తింటుంటే చేతులు జోడించింది. "సామి తింటన్నాడు" అంది నాతో. ఆవిడ భక్తిలో అబద్ధం లేదు. నాకూ చేతులు జోడించాలనిపించింది, జోడించాను. ఇక్కడికి సముద్రం దగ్గరే. ఇదే ఫిబ్రవరిలో సముద్రపు తాబేళ్ళు ఆ ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటి సంగతి రేపు చూడాలనుకుని గార వైపు బయలుదేరాను.

సాయంత్రం శాలిహుండం కొండ ఎక్కాను. కింద వంశధార, దూరంగా సముద్రం గీత. ఇక్కడి బౌద్ధ స్థూపాల్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక తెలుగు కోసం పోరాడిన ఆయనే సవరల భాష నేర్చుకుని వాళ్ళకోసం పుస్తకాలు రాశారు.

ఇటుకల మధ్య కూర్చుంటే కళింగలో యుద్ధం చేసిన అశోకుడు గుర్తుకొచ్చాడు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళితే గంజాం జిల్లాలో జౌగడ ఉంది. అక్కడి రాతి మీద ఆయన శాసనం ఒకటుంది. ఒకప్పుడు మా వంటశాలలో రోజుకి లక్షల ప్రాణులు కూరకోసం చచ్చేవి, ఇప్పుడు మూడే చస్తున్నాయి, రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ఇకముందు ఈ మూడింటినీ చంపరు అని దాని సారాంశం. నన్ను కదిలించేది ఆ "మూడు". లక్షలు తగ్గించానని చెప్పుకుని ఊరుకోవచ్చు. ఇంకా మూడు మిగిలాయని ఒక చక్రవర్తి రాతి మీద ఒప్పుకున్నాడు.

తర్వాత వేయించిన స్తంభ శాసనంలో ఆయన చంపకూడని ప్రాణుల జాబితా ఇచ్చాడు. చిలకలు, గోరింకలు, గబ్బిలాలు, ముళ్ళపందులు, ఉడతలు. తాబేళ్ళూ ఉన్నాయి. చివర్లో ఒక మాట ఉంది: వాడకానికీ తిండికీ పనికిరాని నాలుగుకాళ్ళ జంతువులన్నీ. అంటే పనికొచ్చేవాటి దగ్గర ఆయన కరుణ కూడా కాస్త ఆగింది. పొలం దున్నే ఎద్దునీ పాలిచ్చే ఆవునీ మేపుకుంటూ, కోడిని కోసుకుంటూ బతికే ఊళ్ళ నుంచి వచ్చినవాణ్ణి, నేను ఆయన్ని తప్పుపట్టలేను. కానీ అక్కడే ముడి ఉందని మాత్రం తెలుస్తోంది.

చీకటి పడకముందే దిగి కళింగపట్నం చేరాను.

రెండో రోజు: కళింగపట్నం

ఐదింటికి లేచి ఒడ్డుకి వెళ్ళాను. లైట్‌హౌస్ వెనక ఇంకా చీకటే. అర కిలోమీటరు నడవకముందే మొదటి తాబేలు కనిపించింది. వెల్లకిలా పడి ఉంది. మెడ వాచి, కళ్ళు లేవు. వీపు మీద పెద్ద పళ్ళెమంత డిప్ప. ఇంకొంచెం దూరంలో మరొకటి. అలా వంశధార మొగ వైపు నడుస్తూ ఐదు లెక్కపెట్టాను. ఆరోది కనిపించాక లెక్క ఆపేశాను.

ఆలివ్ రిడ్లీ అంటారు వీటిని. సముద్రంలో ఎంత తిరిగినా గుడ్లు పెట్టడానికి ఆడది ఒడ్డెక్కాల్సిందే. రాత్రిపూట వచ్చి, వెనక కాళ్ళతో కుండలాంటి గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. నలభై ఐదు, యాభై రోజులకి పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది.

వల బాగుచేసుకుంటున్న ఒక మత్స్యకార పెద్దాయన పక్కన కూర్చున్నాను. బీడీ ఇవ్వబోతే వద్దన్నాడు, టీ అయితే తాగుతానన్నాడు.

"ఎలా చచ్చిపోతున్నాయి తాతా?"

"ఊపిరాడక. నీళ్ళల్లో ఉన్నదానికి ఊపిరాడకపోడమేటంటావు నువ్వు. దానికి మనలాగే ఊపిరితిత్తులు బాబూ. పైకొచ్చి గాలి పీల్చుకోవాల. పెద్ద బోట్లు వల గంటలకొద్దీ ఈడ్సుకుపోతాయి. లోపల ఇరుక్కుంటే ఇంకెక్కడికొస్తది?"

తాబేలు తప్పించుకుపోయే ఇనప జాలీ ఒకటి వలకి బిగించవచ్చు. తాబేలు దానికి తగిలి పై కన్నంలోంచి బయటికి పోతుంది, చేపా రొయ్యా లోపలే ఉంటాయి. కొంత చేప కూడా ఆ కన్నంలోంచి పోతుందని బోట్లవాళ్ళు బిగించరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, కానీ అది మొదలయ్యేసరికి తాబేళ్ళ కాలం చాలావరకు గడిచిపోతుంది. మత్స్యకారులు చేపలు పట్టడాన్ని కూడా వేట అనే అంటారు. "వేటకెల్లినాం" అంటారు. ఆ మాట వాళ్ళ నోట వింటున్నప్పుడు విజ్జీ పులులూ ఈ వలా ఒకే మాట కింద ఎలా ఒదుగుతాయా అనిపించింది. ఈ వేట మీద నాలుగు కడుపులు నిండాలి. ఇక్కడ చేప దొరక్కే ఈ ఊళ్ళ కుర్రాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోతున్నారు.

"మీ వలలో పడితే?" అనడిగాను.

ఆయన కాసేపు దారం ముడి వేస్తూ ఉండిపోయాడు. "బతికుంటే వల కోసి వదిలీసినాం. రెండు పాలి. ఒకపాలి వల సగం పోయింది. ఇంటికాడ మా ఆడది తిట్టింది. సచ్చిపోయినవి కూడా వచ్చినాయి. వాటిని సంద్రంలోనే వదిలీసినాం. ఇయ్యన్నీ మా వాటా, ఆల్ల వాటా కలిసే." ఒడ్డున పడున్నవాటి వైపు గెడ్డంతో చూపించాడు. తన వాటా ఉందని ఆయన చెప్పకపోయినా నేనడిగేవాణ్ణి కాను. చెప్పాడు.

కంచె వేసిన ఇసుక దిబ్బలో గుడ్లు పాతిపెట్టి కాపాడుతున్న చోటుకి ఆయనే తీసుకెళ్ళాడు. కుక్కలు, నక్కలు, మనుషులు తవ్వుకుపోకుండా ముందే ఏరి తెచ్చి ఇక్కడ పాతుతారు. ఆ ఉదయం ఒక గొయ్యిలోంచి పిల్లలు పైకొచ్చాయి. కాపలా కుర్రాడు వాటిని బుట్టలో తెచ్చి తడి ఇసుక మీద వదిలాడు. అగ్గిపెట్టె అంత ఉన్నాయి. పాకుతూ, అలకి వెనక్కి కొట్టుకొచ్చి, మళ్ళీ పాకుతూ. ఒకటి నా చెప్పు పక్కన ఆగిపోయింది. ఎత్తి నీళ్ళలో పెడదామని వంగితే కుర్రాడు ఆపాడు. "దాన్నే నడవనీండి సార్." కాలు కదపకుండా నిలబడ్డాను. అది నా నీడ దాటడానికి చాలాసేపు పట్టింది.

మూడో రోజు: తేలినీలాపురం

బస్సులో టెక్కలి, అక్కణ్ణుంచి ఆటో. ఊరు రాకముందే వాసన వచ్చింది. చేపల కుళ్ళు, రెట్టల ఘాటు. తల ఎత్తితే చింతచెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు. చెట్టు పువ్వు పూసినట్టు కాదు, చెట్టు మీద మరో ఊరు కట్టినట్టుంది. కొమ్మలు వంగిపోయాయి. కొన్ని చెట్లు రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. గూడబాతు పిల్ల తల్లి సంచిలోకి తల మొత్తం దూర్చి చేప తింటుంటే, తల్లి పిల్లని మింగేస్తోందేమో అనిపిస్తుంది. ఎర్రకాళ్ళ కొంగలు కూడా ఉన్నాయి, నడుం దగ్గర గులాబీ రంగు ఈకలతో.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఊళ్ళో అందరూ చెబుతారు, మా పాఠశాలలో మాకూ అలాగే చెప్పారు. నిజానికి ఈ గూడబాతులు మన దక్షిణాసియా పక్షులే. నీళ్ళూ చేపలూ ఉన్న చోటుని వెతుక్కుంటూ దేశంలోనే తిరుగుతాయి. నౌపడ ఉప్పు మడులూ, చుట్టూ ఉన్న తంపర అనే చిత్తడి నేలలూ వీటి మేత. ఆ తంపర కోసమే పక్కన కాకరాపల్లిలో థర్మల్ ప్లాంటు వద్దని జనం అడ్డుపడ్డారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. అంతకుముందు 2010 జూలై 14న సోంపేటలో బీల అనే చిత్తడి నేల కోసం కూడా అలాగే. వాళ్ళు పక్షుల పేరు చెప్పి పోరాడలేదు. నీరు, చేప, వరి, మేత కోసం పోరాడారు. అయినా ఆ నీటిమీదే ఈ పక్షుల పిల్లలూ బతుకుతున్నాయి.

ఒక ఇంటి పెరట్లో చెట్టు కింద గొడుగు వేసుకుని అంట్లు తోముతోంది ఒకావిడ. నిజంగానే గొడుగు. పైనుంచి రెట్ట పడుతుంది.

"వాసన ఇబ్బందిగా ఉండదా అమ్మా?"

"ఉంటాది, ఎందుకుండదు? ఆటికేటి తెలుస్తాది. పురిటికొచ్చిన ఆడపిల్లలు కదా బాబూ. ఉన్నన్నాళ్ళు ఆ చెట్టు చింతపండు మాకు నేనట్టే. ఆల్లెల్లిపోయాక మిగిల్తే రాల్సుకుంటాం."

పుట్టింటికి పురిటికొచ్చిన కూతురు అనగానే మనకి కళ్ళు చెమరుస్తాయి. కానీ పురుడంటే ఖర్చు. మంచం వదులుకోవాలి, రాత్రులు నిద్ర వదులుకోవాలి, నెలల తరబడి వేరే వంట వండాలి. ఆవిడ వదులుకున్నది చింతపండు. మార్కెట్లో దానికి ధర ఉంది. కళింగపట్నం తాత వదులుకున్నది సగం వల. శ్రీకూర్మంలో మేము జోడించిన చేతులకి అలాంటి ఖరీదేమీ లేదు. ఇది ఎవర్నీ తక్కువ చెయ్యడానికి కాదు. నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది.

గూడు నుంచి జారిపడిన పిల్ల ఒకటి కంచె పక్కన నిలబడి నోరు తెరిచి అరుస్తోంది. 2021 చివర్లో నులిపురుగులు పట్టి ఇక్కడ చాలా గూడబాతులు చచ్చిపోయాయి. ఆ ఏడు సంగతి చెబుతూ ఆవిడ అంట్లు తోమడం ఆపేసింది. "చెట్టుకింద ఎక్కడ చూసినా అయ్యే. అన్నం ముద్ద దిగలేదు" అంది.

నాలుగో రోజు: ఉద్దానం

పలాస మీదుగా మావయ్య ఊరు చేరేసరికి పదయింది. జీడి పూత వాసన. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఈ తోటల్ని నేలమట్టం చేసింది. అప్పుడు పడిపోయిన కొబ్బరి మొదళ్ళు కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి. తర్వాత పెట్టిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. అలాంటి తోటలోకి ఎలుగు వస్తే మనిషికి కోపం రాదా? వస్తుంది.

మావయ్యకి డెబ్భై దాటింది. నన్ను చూడగానే "అన్నం తిన్నావా" అన్నాడు, తర్వాత తోటలోకి తీసుకెళ్ళాడు. చెదపుట్ట ఒకటి తవ్వేసి ఉంది. పక్కన మెత్తటి మట్టిలో అడుగు. చిన్నపిల్లాడి పాదంలా ఉంది, ముందు గోళ్ళ గీతలు తప్ప.

ఎలుగుకి ముఖ్యమైన తిండి చెదలు, చీమలు, పళ్ళు, తేనె. మాంసం కోసం మనిషి మీదికి రాదు. చూపు అంత బాగుండదు, దగ్గరికెళ్ళేదాకా మనిషిని గమనించదు, గమనించాక భయపడి మీద పడుతుంది. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. తల్లి ఎలుగైతే ఇంకా ప్రమాదం. 2022 జూన్‌లో ఇదే మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగు ఒకర్ని చంపి మరికొందర్ని గాయపరిచింది. మత్తుమందిచ్చి పట్టుకున్నారు, అదీ బతకలేదు. అందుకని ఇక్కడివాళ్ళ భయాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు నాకు లేదు. తెల్లవారకముందే జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళేది ఆడవాళ్ళు. వాళ్ళ టెన్షన్ విజయనగరంలో ఫ్యాను కింద కూర్చున్నవాడికి తెలియదు. కొండల్ని గ్రానైట్ కోసం తవ్వేశాక ఎలుగు దిగి తోటలోకి కాక ఎక్కడికి పోతుంది అన్నదీ నిజమే. రెండూ నిజమే.

సాయంత్రం అరుగు మీద కుర్రాళ్ళు నలుగురు కూర్చున్నారు. తీగ తెచ్చేశారు. "రాత్రికి పెట్టి పొద్దున్నే తీసేద్దాం మావా, ఎవరికీ తెలీదు" అంటున్నాడు ఒకడు. ఎలుగుని చంపితే వన్యప్రాణి చట్టం కింద జైలని నేను చెప్పాను. 1972 నుంచీ ఉన్న చట్టం, ఎలుగు మొదటి షెడ్యూలులో ఉంది. వాళ్ళకి తెలుసు. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చచ్చిపోయిన సంగతి చెప్పాను. అదీ తెలుసు. నా మాటలు అరుగు మీద అలాగే పడున్నాయి.

అప్పుడు మావయ్య మాట్లాడాడు. నేను ఇన్నేళ్ళుగా తప్పించుకున్నది ఆ మాటే.

నాకు పదకొండేళ్ళప్పుడు సంగతి. సెలవులకి ఇక్కడికి వచ్చేవాణ్ణి. మావయ్య, అతని స్నేహితులు వేరుశనగ చేలోకి వచ్చే అడవిపందులకి నాటు బాంబులు పెట్టేవారు. పంది కొరికితే పేలుతుంది. పందిమాంసం కూర రోజున ఇల్లంతా పండగ. నేను అడిగి మరీ పెట్టించుకుని తిన్నాను, చాలాసార్లు. బాంబు పెట్టే చోటు చూపించమని మావయ్య వెంట పడి, రెండు చోట్లు నేనే ఎంచాను. గట్టు పక్కన, తుప్పల దగ్గర.

ఆ రాత్రి పంది రాలేదు. పొద్దున్నే మేతకి విప్పిన అమ్మమ్మ ఆవు గౌరి ఆ గట్టు వైపు వెళ్ళింది. చప్పుడు నేను పక్కలోంచే విన్నాను. కింది దవడ పోయింది. గౌరి తనంతట తనే ఇంటికి నడిచొచ్చి కుడితి తొట్టి దగ్గర నిలబడింది. తాగాలని మూతి దించుతుంది, తాగలేదు. మళ్ళీ దించుతుంది. అమ్మమ్మ గంజి చేత్తో పోస్తే కిందకి కారిపోయేది. రెండు రోజులు అలా నిలబడే ఉంది. సూడిది. అమ్మమ్మ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆ గట్టు ఎంచింది నేనని మావయ్య ఎవరికీ చెప్పలేదు, ఈ రోజుకీ చెప్పలేదు.

నా పేరు ఎత్తకుండా కుర్రాళ్ళకి గౌరి సంగతి చెప్పి మావయ్య అన్నాడు: "గౌరి కోసం మూడు రోజులు అన్నం తిన్లేదు నేను. అప్పుడు తట్టింది రా. అంతకుముందు ఆరు పందులకి దవడలు పోయినాయి. అయీ అలాగే నీళ్ళ కాడికి నడిసుంటాయి. అయీ మూతి దించుంటాయి. ఆటి కూర తిని నేను తేనుపు తీసినాను. ఆవు కాబట్టి ఏడ్సినాను."

ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి తీగ తెచ్చినవాడు, "మరి మా అమ్మ పొద్దున్నే పిక్కలేరడానికి ఎల్తాది కద తాతా" అన్నాడు. అతని ప్రశ్న సరైనది. జవాబు ఎవరి దగ్గరా సిద్ధంగా లేదు. రాత్రి పదకొండు దాకా దాని గురించే మాట్లాడుకున్నాం. తెల్లవారాకే తోటలోకి వెళ్ళడం, గుంపుగా వెళ్ళడం, డబ్బా మోగించుకుంటూ వెళ్ళడం, రాలిన పళ్ళు ఊరి వైపు తోటల్లో నిలవ ఉంచకుండా ఏరేయడం, కొండ వైపు చివరి వరస పళ్ళు ఏరకుండా వదిలేయడం. ఆ చివరి వరస మావయ్యదే. ఏడాదికి ఎంత నష్టమో ఒక కుర్రాడు ఫోన్‌లో లెక్క కట్టాడు. తక్కువేమీ కాదు. "ఈ ఏటికి సూద్దాం" అని లేచారు. తీగ చుట్ట మాత్రం అరుగు మీదే వదిలేసి వెళ్ళారు. మావయ్య దాన్ని లోపలికి తీసుకెళ్ళి అటక మీద పెట్టాడు.

పడుకున్నాక గట్టు సంగతి ఎత్తాను. "అది నేను ఎంచిన చోటే కదా మావయ్యా."

"తెలుసు. పడుకో" అన్నాడు.

ఐదో రోజు: మందస, తేలుకుంచి

మందస దగ్గర కొండ మొదట్లో చీపుర్లు అమ్ముకుంటున్న సవర పెద్దాయన ఒకరు కలిశారు. వెనక మహేంద్రగిరి కొండల వరస. వేట గురించి అడిగితే ముందు మాట్లాడలేదు, ఫారెస్టు మనిషిననుకున్నాడు. తర్వాత చెప్పాడు, వయసులో విల్లు పట్టుకుని తిరిగానని, సూడి జంతువుని కొట్టేవాళ్ళం కాదని.

"జాలా?"

"జాలి కాదు. కొట్టీస్తే వచ్చే ఏడు ఏటి తింటాం?"

సూడివి, పాలిచ్చే మేకల్నీ గొర్రెల్నీ పందుల్నీ చంపొద్దని అశోకుడి శాసనంలోనూ ఉంది. చక్రవర్తి ధర్మమని చెక్కించాడు, ఈయన రేపటి కూడు అన్నాడు. నాకైతే ఈయన మాట మీద ఎక్కువ నమ్మకం కలిగింది. ఇప్పుడు కొండ మీద కొట్టడానికేమీ లేదని కూడా ఆయనే చెప్పాడు. రెండు చీపుర్లు కొన్నాను.

సోంపేట బీల పక్కనుంచి బస్సు వెళ్ళింది. నీళ్ళు మెరిశాయి, కిటికీలోంచి చూశానంతే.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి చేరేసరికి మూడయింది. ఇక్కడికి నత్తగుల్ల కొంగలు వానల మొదట్లో వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లల్ని ఎగరనేర్చుకోనిచ్చి, చలికాలం మొదట్లో వెళ్ళిపోతాయి. ముక్కు మధ్యలో సందు ఉంటుంది. వరిచేలల్లోని నత్తల్ని ఆ ముక్కుతో ఒలుచుకు తింటాయి. కొంగలు రాకపోతే వాన రాదని ఊరివాళ్ళ నమ్మకం. ఫిబ్రవరిలో అవి ఉండవని తెలిసే వచ్చాను. ఖాళీ చెట్లు చూడాలనిపించింది.

చెట్ల నిండా పాత గూళ్ళు. కొన్ని సగం ఊడి వేలాడుతున్నాయి. ఒక ముసలామె కింద రాలిన పుల్లల్ని ఏరి చెట్టు మొదట్లో కుప్ప వేస్తోంది. పక్కనే ఆమె ఇంటి ముందు కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి.

"పొయ్యిలోకా అవ్వా?"

"కాదు బాబూ. పొయ్యిలోకి యేరే ఉన్నాయి. ఇయి ఆటియి. మిరగశిర కార్తెకి వస్తాయి గదా, మల్లీ ఎక్కడినుంచి మోసుకొస్తాయి పాపం."

సంచి దించి నేనూ వంగాను. పుల్లలు తేలిగ్గా, రెట్టలతో తెల్లగా ఉన్నాయి. ఇచ్ఛాపురం ఆటోవాడు హారన్ కొట్టేదాకా ఏరి కుప్పలో వేశాను.